లంగ్కావిలో పడవ, అనంతపురంలో లెక్క

మా బామ్మర్ది మలేసియాలోని పినాంగ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. చేతిలో నాలుగు డబ్బులు చేరితే అనంతపురంలో స్థలమో, ఊర్లో పొలమో కొంటాడని ఎదురుచూసిన మా అత్తమామలకు, లంగ్కావి దీవిలో 35 అడుగుల పాత తెరచాప పడవ ఒకటి కొన్నానని ఫోనులో చెప్పి ఊరుకున్నాడు. ఆ తరువాత నాకు వచ్చిన ప్రశ్న ఇది: “బావా, నీకు గాలి సంగతి తెలుసు గదా. ఉండే దుడ్డుతో కొత్త చాపలు కుట్టించల్లా, లేకుంటే ప్రొపెల్లర్ మార్చల్లా?”

నేను సముద్రం మీద బతికినవాణ్ణి కాను. నా ఉద్యోగమంతా రామగిరి, నల్లకొండ గుట్టల మీది గాలిమరల రెక్కల నిర్వహణలో గడిచింది. అయితే గాలిమర రెక్క, తెరచాప, ప్రొపెల్లర్ రెక్క, ఈ మూడింటిదీ ఒకే సూత్రం: వంపు ఉన్న పలకను ప్రవాహానికి తగిన కోణంలో నిలిపితే, ప్రవాహ దిశకు అడ్డంగా బలం పుడుతుంది. ఆ చనువుతోనే పడవ కొలతలు, ఇంజిను వివరాలు, చాపల ఫొటోలు తెప్పించుకుని, కొన్ని సాయంత్రాలు కూర్చుని లెక్క వేశాను. తెరచాప పడవల గురించి తెలుగులో రాసినవారు తక్కువ కనుక, అతనికి చెప్పినదాన్నే ఇక్కడ కొంచెం విడమరచి రాస్తున్నాను. ముందుగా నా అభిప్రాయం చెప్పేస్తాను. చాపలా, ప్రొపెల్లరా అన్నవి రెండు వేరు ప్రశ్నలు కావు. చాపలు పడవను ముందుకు లాగుతుంటే, ఇంజిను ఆగి ఉన్న సమయంలో ప్రొపెల్లర్ దాన్ని వెనక్కి పట్టి ఉంచుతుంది. ఈ రెంటికీ కలిపి ఒకే పద్దు వేయాలి.

పద్దుకు ముందు ప్రయాణం ఎటు అన్నది తేలాలి. అతని ఆలోచన ప్రకారం లంగ్కావి నుంచి ఫుకెట్ దాకా సుమారు 130 నాటికల్ మైళ్ళు, అక్కడి నుంచి అండమాన్ సముద్రం దాటి పోర్ట్ బ్లెయిర్ (2024 నుంచి అధికారికంగా శ్రీ విజయపురం) దాకా మరో 400 మైళ్ళు, ఆ తరువాత అదే దారిలో తిరుగు ప్రయాణం. కాలం డిసెంబరు నుంచి మార్చి వరకు, అంటే ఈశాన్య రుతుపవనాల గాలి వీచే కాలం. పటం మీద గీత గీసి చూస్తే ఒక మంచి సంగతి బయటపడింది. ఫుకెట్ నుంచి పోర్ట్ బ్లెయిర్ వాయవ్య దిశలో ఉంటుంది, గాలి ఈశాన్యం నుంచి వస్తుంది, కాబట్టి పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ ఇంచుమించు పక్కగాలే దొరుకుతుంది. తెరచాప పడవకు ఇంతకంటే అనుకూలమైన గాలివాటం లేదు. అయితే ఆ గాలి బలమైనది కాదు. సీజన్ మొదట్లో పది, పదిహేను నాట్ల (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు, సుమారు 1.85 కిలోమీటర్లు) గాలి ఉన్నా, ఫిబ్రవరి దాటేసరికి చాలా రోజులు ఆరు, ఎనిమిది నాట్ల దగ్గరే ఆగిపోతుంది. ఇక పినాంగ్ వైపు, మలక్కా జలసంధిలో, ఒక పక్క సుమత్రా, మరో పక్క ద్వీపకల్పం అడ్డం ఉండటం వల్ల గంటల తరబడి ఇంజిను మీదే నడవాలి. కనుక ఈ పడవ తరచుగా ఎదుర్కొనేది తుఫాను గాలిని కాదు, పిల్లగాలిని. పడవ కొన్న కొత్తలో అందరూ పెనుగాలి గురించే మాట్లాడతారు గానీ, డీజిలు ఖర్చయ్యేదీ, ఓపిక నశించేదీ పిల్లగాలిలోనే.

గాలి ఒత్తిడి దాని వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. మృగశిర కార్తెలో మా గుట్టల మీద మరలు హోరెత్తడానికీ, మాఘమాసంలో వాటిలో చాలా భాగం ఊరకే నిలబడటానికీ కారణం ఇదే. ఎనిమిది నాట్ల గాలి ఒక చదరపు మీటరు మీద ఇంచుమించు ఒక కిలో బరువంత ఒత్తిడి పెడుతుంది, పదహారు నాట్ల గాలి నాలుగు కిలోలు పెడుతుంది. మా బామ్మర్ది పడవకు మెయిన్ చాప 25, ముందరి జెనోవా చాప 35, మొత్తం 60 చదరపు మీటర్ల చాప ఉంది. ఎనిమిది నాట్ల పక్కగాలిలో ఈ 60 మీటర్ల మీద పుట్టే బలంలో పడవను పక్కకు వాల్చే భాగం పోగా, నిజంగా ముందుకు లాగే బలం నా అంచనాలో 50 కిలోల చుట్టుపక్కల ఉంటుంది. ఆరు టన్నుల పడవను లాగడానికి 50 కిలోలు సరిపోతాయా అని అతను ఆశ్చర్యపోయాడు. తక్కువ వేగంలో నీరు పెద్దగా అడ్డుకోదు కనుక ఆ బలం చాలు, పడవ నాలుగున్నర నాట్లకు చేరుతుంది. నీటిగీత దగ్గర పడవ పొడవు 28 అడుగులు. ఆ సంఖ్య వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే వచ్చే 7.1 నాట్లు ఈ పడవ సహజ వేగ పరిమితి. దాని దరిదాపులకు చేరేకొద్దీ పడవ తాను లేపిన అలనే తాను ఎక్కాల్సి వస్తుంది, నీటి నిరోధం ఒక్కసారిగా ఎగబాకుతుంది.

ఇప్పుడు నీటి కిందికి చూద్దాం. పడవకు ప్రస్తుతం ఉన్నది 16 అంగుళాల వ్యాసం గల, మూడు రెక్కల, కదలని (అంటే రెక్కల కోణం మారని) కంచు ప్రొపెల్లర్. చాపల మీద నడిచేటప్పుడు గేరు వేసి దాన్ని తిరగకుండా బిగిస్తే, ఆ రెక్కల వెడల్పంతా నీటికి అడ్డంగా నిలుస్తుంది. నీరు గాలి కంటే 800 రెట్లకు పైగా సాంద్రమైనది కాబట్టి, రెండు అరచేతులంత రెక్క కూడా అక్కడ లెక్కలోకి వస్తుంది. ఐదు నాట్ల వేగంలో ఆ ప్రొపెల్లర్ లాగుడు, అంటే పడవను వెనక్కి పట్టే బలం, దాదాపు 20 కిలోలు, నాలుగు నాట్ల దగ్గర 13 కిలోలు అని తేలింది. ముందుకు లాగేది 50 కిలోలైతే అందులో మూడో వంతు దాకా ప్రొపెల్లరే మింగేస్తోందన్న మాట. ఆ నష్టాన్ని చాపతో పూడ్చాలంటే ఎనిమిది నాట్ల గాలిలో ఇంకొక 20 చదరపు మీటర్ల గుడ్డ కావాలి. ఖరీదైన కార్బన్ చాపలు కుట్టించినా ఇంత లాభం రాదు. పిల్లగాలిలో కదలని మూడు రెక్కల ప్రొపెల్లర్ అర నాట్ నుంచి ఒక నాట్ దాకా వేగం తగ్గిస్తుందని నావికులు అనుభవం మీద చెప్పేదానికి ఈ లెక్క సరిపోయింది. గాలి పెరిగి పడవ ఏడు నాట్లకు చేరినప్పుడు మొత్తం నిరోధంలో ప్రొపెల్లర్ వాటా బాగా చిన్నదవుతుంది, అప్పుడు దాని గురించి పెద్దగా పట్టించుకోనక్కరలేదు. పిల్లగాలిలోనే అది బరువు.

దీన్ని బిగించి ఉంచాలా, స్వేచ్ఛగా తిరగనివ్వాలా అన్నది రేవుల్లో ఎడతెగని వాదం. తిరిగే ప్రొపెల్లర్ హెలికాప్టర్ రెక్కలాగా ఎక్కువ అడ్డుకుంటుందని కొందరు గట్టిగా చెబుతారు. హెలికాప్టర్ రెక్క కోణం చాలా తక్కువగా ఉంటుంది, పడవ ప్రొపెల్లర్ కోణం అలా ఉండదు, అందువల్ల ఆ పోలిక ఇక్కడ పనికిరాదు. స్కాట్లండ్‌లోని స్ట్రాత్‌క్లైడ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2008లో ప్రచురించిన కొలతలు, షాఫ్టులో (ప్రొపెల్లర్‌ను తిప్పే ఇరుసులో) రాపిడి మరీ ఎక్కువగా లేకపోతే తిరిగే ప్రొపెల్లర్ లాగుడే తక్కువని తేల్చాయి. అయితే తిరగనివ్వడానికి గేర్‌బాక్సు ఒప్పుకోవాలి. కొన్ని గేర్‌బాక్సుల్లో ఇంజిను ఆగి ఉంటే లోపల నూనె సరిగా అందదు, మరికొన్నింటికి తయారీదారే న్యూట్రల్‌లో వదలమని చెబుతాడు. ఇంజినుతో వచ్చిన పుస్తకం చూడకుండా ఎవరి సలహా మీదా, నా సలహా మీద కూడా, నిర్ణయం తీసుకోవద్దని చెప్పాను. దానికి తోడు రాత్రంతా షాఫ్టు గిరగిర తిరుగుతూ చేసే మోత పడుకునే మంచం కిందనే ఉంటుంది.

గాలిమరల్లో ఈ సమస్యకు పరిష్కారం ఏనాడో వచ్చింది. పాత తరం మరలకు రెక్కలు కదలకుండా బిగించి ఉండేవి. తరువాత వచ్చిన పెద్ద మరల్లో ప్రతి రెక్కా తన అక్షం మీద తాను తిరుగుతుంది. సెకనుకు 25 మీటర్లు, అంటే 49 నాట్ల దరిదాపుల్లో, గాలి వీచిందంటే రెక్కలన్నీ గాలికి అంచు చూపించి తప్పుకుంటాయి. దీన్నే ఫెదరింగ్ అంటాం. ఫెదరింగ్ ప్రొపెల్లర్ చేసేది అక్షరాలా ఇదే. ఇంజిను ఆపగానే నీటి ఒత్తిడికి రెక్కలు తిరిగి ప్రవాహానికి అంచుగా నిలుస్తాయి, లాగుడు పదో వంతుకు అటూ ఇటూగా పడిపోతుంది. మళ్ళీ ఇంజిను వేసి గేరు మార్చగానే లోపలి పళ్ళచక్రాలు రెక్కలను పని కోణానికి తిప్పుతాయి. ముందుకైనా వెనక్కైనా రెక్క ముందంచే నీటిని కోస్తుంది కాబట్టి, వెనక్కి నడిచేటప్పుడు కూడా పట్టు బాగుంటుంది. ఇరుకైన మెరీనాలో, పక్కనే వేరేవాళ్ళ ఖరీదైన పడవ ఉన్నప్పుడు, ఈ గుణం విలువ తెలుస్తుంది. లోపం కూడా ఉంది. రెండు వైపులా పనిచేయాలి కనుక ఈ రెక్కలు చదునుగా ఉంటాయి, కదలని ప్రొపెల్లర్ రెక్కకు ఉండే మెలిక వీటికి ఉండదు, అందువల్ల ఇంజిను మీద ముందుకు నడిచేటప్పుడు సామర్థ్యం కొద్దిగా తగ్గుతుంది.

మడిచే ప్రొపెల్లర్‌ది మరో దారి. డెన్మార్క్ కంపెనీలైన గోరి, ఫ్లెక్సోఫోల్డ్ వంటివి చేసే ఈ రకంలో రెక్కలు వెనక్కి ముడుచుకుని మొగ్గలా దగ్గరవుతాయి. లాగుడు అన్నింటికంటే తక్కువ దీనికే, రెక్కలకు మెలిక ఉంటుంది కనుక ముందుకు నెట్టే సామర్థ్యమూ మంచిదే. నీటిలో తేలే వలతాళ్ళు కూడా ముడుచుకున్న రెక్కలకు అంతగా చిక్కుకోవు. మలక్కా జలసంధిలో చేపల వలలు ఎన్ని ఉంటాయో చూసినవారు దీన్ని చిన్న లాభం అనరు. వెనక్కి నడిపేటప్పుడు మాత్రం రెక్కలను తెరిచి ఉంచేది తిరుగుడు బలమే కాబట్టి, పాత రెండు రెక్కల నమూనాల్లో వెనకపట్టు బలహీనంగా ఉండేది. కొత్త మూడు రెక్కల నమూనాలు ఆ లోటును చాలావరకు తీర్చాయి. బ్రిటన్‌లో తయారయ్యే ఆటోప్రాప్ అనే మూడో రకం కూడా ఉంది. దాని రెక్కలు భారాన్ని బట్టి తమ కోణాన్ని తామే ఎంచుకుంటాయి. ఆలోచన నాకు ఎంతో నచ్చింది గానీ ధర చూసి పక్కన పెట్టాను.

చవకైన మార్గం ఒకటి ఉంది, దాన్ని ఎవరూ గౌరవించరు. కదలని రెండు రెక్కల ప్రొపెల్లర్. పొడవైన వెన్ను (పడవ అడుగు నుంచి నీటిలోకి దిగే కీల్) ఉన్న పాతకాలపు పడవల్లో, షాఫ్టు మీద గుర్తు పెట్టుకుని, రెక్కలు రెండూ వెన్ను చాటున నిలువుగా వచ్చేలా బిగిస్తే లాగుడు చాలా తగ్గుతుంది. మా బామ్మర్ది పడవ వెన్ను పొట్టిది, షాఫ్టు బయటకు పొడుచుకుని బ్రాకెట్ మీద ఆని ఉంది, కనుక దాక్కోవడానికి చాటు లేదు. అయినా మూడు రెక్కల కంటే రెండు రెక్కల లాగుడు తక్కువే. దానికి బదులుగా ఇంజిను మీద నడిచేటప్పుడు కొంత అదురు, అలలకు ఎదురు పోయేటప్పుడు కొంత బలహీనత భరించాలి.

ఉష్ణమండల సముద్రంలో ఈ లెక్కలన్నింటినీ తలకిందులు చేసేది పడవ అడుగున అంటుకునే గుల్లలు. కొన్ని వారాలు పడవ కదలకుండా ఉంటే చాలు, ప్రొపెల్లర్ మీద గుల్లలు మొలుస్తాయి. కదిలే రెక్కల కీళ్ళ మధ్య అవి చేరితే ఫెదరింగ్ రెక్క తిరగదు, మడిచే రెక్క మడవదు, పెట్టిన డబ్బంతా నీటిపాలే. ఒంటరిగా తెరచాప పడవలో ప్రపంచాన్ని చుట్టివచ్చే గోల్డెన్ గ్లోబ్ పోటీలో, 2018లో మొదలైనదానిలో, ఫిన్లాండ్ నావికుడు టాపియో లెహ్టినెన్ పడవ అడుగున గుల్లలు పేరుకుని ఎంత నెమ్మదించిందంటే, ఆయన ప్రపంచాన్ని చుట్టి రావడానికి 322 రోజులు పట్టింది. అందువల్ల నేను బామ్మర్దిని మొదట అడిగింది ధర గురించి కాదు. నెలకోసారి నోటికి శ్వాసగొట్టం పెట్టుకుని నీటిలో దిగి ప్రొపెల్లర్ గీకుతావా అని అడిగాను. గీకుతానన్నాడు. ఏడాదికోసారి పడవను పైకి తీసి కీళ్ళలో గ్రీజు నింపడం, ప్రొపెల్లర్‌కు బదులు తాను తుప్పుకు బలయ్యే జింకు దిమ్మ అరిగిపోకముందే మార్చడం కూడా అందులో భాగమే. ఈ రెండింటికీ ఒప్పుకోని మనిషికి నేను కదలని రెండు రెక్కల ప్రొపెల్లరే చెబుతాను, మొహమాటం లేకుండా.

రకం తేలాక కొలత. ప్రొపెల్లర్‌కు రెండు సంఖ్యలు ఉంటాయి: వ్యాసం, పిచ్. పిచ్ అంటే గట్టి పదార్థంలో స్క్రూ మాదిరిగా తిరిగితే ఒక్క చుట్టుకు ఎంత ముందుకు పోతుందో ఆ దూరం. పడవలో ఉన్నది 27 గుర్రాల శక్తి గల డీజిల్ ఇంజిను, గరిష్ఠంగా నిమిషానికి 3600 చుట్లు తిరుగుతుంది, గేరు నిష్పత్తి 2.6. అంటే షాఫ్టు నిమిషానికి ఇంచుమించు 1385 చుట్లు తిరుగుతుంది. పిచ్ 11 అంగుళాలైతే కాగితం మీద వచ్చే వేగం 12.5 నాట్లు. నీరు గట్టి పదార్థం కాదు కనుక ఈ తరహా బరువైన, నెమ్మది పడవల్లో 45 శాతం దాకా జారుడు పోతుంది, మిగిలేది 6.9 నాట్లు. పడవ సహజ పరిమితి 7.1 అని పైన చెప్పుకున్నాం, కాబట్టి 11 అంగుళాలు సరైన కొలతే. అంతకు మించి పిచ్ పెంచితే వేగం పెరగదు, ఇంజిను తన పూర్తి చుట్లను అందుకోలేక నల్లటి పొగ వదులుతుంది, వేడెక్కుతుంది. శుభ్రమైన అడుగుతో, చదునైన నీటిలో, పూర్తి వేగం ఇచ్చినప్పుడు ఇంజిను 3600 దగ్గరకు చేరుతోందా లేదా అన్నది చూస్తే పిచ్ సరిపోయిందో లేదో తెలిసిపోతుంది. చాలా ఫెదరింగ్ నమూనాల్లో పిచ్‌ను తరువాత సర్దుకునే వీలుంది. కదలని ప్రొపెల్లర్‌ను మాత్రం వర్క్‌షాపుకు పంపి రెక్కలు వంచించాలి. రెక్క కొనకూ పడవ అడుగుకూ మధ్య వ్యాసంలో కనీసం పదో వంతు ఖాళీ ఉండాలి, 15 శాతం ఉంటే మేలు. లేకపోతే ప్రతి రెక్క దాటినప్పుడల్లా అడుగు మీద దెబ్బ పడ్డట్టు అదురుతుంది.

ఇక చాపలు. ఇక్కడ నాకు ధర్మవరం సాయం వచ్చింది. చాప గుడ్డ కూడా నేసిన గుడ్డే, పడుగూ పేకా ఉన్నదే. 1941లో ఇంగ్లండ్‌లో విన్‌ఫీల్డ్, డిక్సన్ కనిపెట్టిన పాలిస్టర్ దారాన్ని అమెరికాలో డాక్రాన్ అన్న పేరుతో అమ్మారు. 1950ల నుంచి నూలు చాపల స్థానంలో అదే వచ్చింది, నేటికీ విహార పడవల్లో ఎక్కువ చాపలు దానివే. మగ్గం మీద పడుగు దారం పేకకు పైకీ కిందికీ వంగుతూ పోతుంది, కాబట్టి లాగినప్పుడు ముందు ఆ వంపులు సాగుతాయి. పేకను బిగువుగా, తిన్నగా నేస్తే అది సాగదు. ఐమూలగా లాగితే మాత్రం ఏ గుడ్డైనా సాగుతుంది. ధర్మవరంలో ఏ నేతగాణ్ణి అడిగినా ఈ మూడు మాటలూ చెబుతాడు. చాపలో అన్నింటికంటే ఎక్కువ లాగుడు పడేది వెనక అంచు వెంబడి. అందువల్ల అడ్డపట్టీల కోతలో పట్టీలను వెనక అంచుకు లంబంగా అమర్చి, పేక దారాలు ఆ అంచు వెంట నడిచేలా చూస్తారు. ఇది సరళమైన కోత, గుడ్డ వృథా తక్కువ, చిరిగితే ఏ రేవులోనైనా కుట్టించుకోవచ్చు. మూడు మూలల నుంచి కిరణాల్లా పట్టీలు వ్యాపించే ట్రైరేడియల్ కోత బలాన్ని ఇంకా చక్కగా పంచుతుంది గానీ, దానికి పడుగు బలంగా నేసిన వేరే గుడ్డ కావాలి, కుట్టుకూలీ ఎక్కువ.

చాప ముసలిదైనప్పుడు చిరగదు, సాగుతుంది. కొత్త చాప వంపులో గరిష్ఠ లోతు ముందంచు నుంచి 40, 45 శాతం దగ్గర ఉంటుంది. గుడ్డ సాగేకొద్దీ ఆ లోతు పెరుగుతూ వెనక్కి జరుగుతుంది. అప్పుడు ముందుకు లాగే బలం తగ్గి, పక్కకు వాల్చే బలం పెరుగుతుంది. పడవ వాలిపోతుంటే గాలి ఎక్కువైందనుకుంటారు, చాలాసార్లు అది చాప తప్పు. బామ్మర్ది చాపల కింద పడుకుని పైకి తీసిన ఫొటోల్లో జెనోవా లోతు సగం దాటి వెనక్కి పోయింది, పైగా అంచుకు కుట్టిన ఎండ పట్టీ పొరలు పొరలుగా రాలుతోంది. మెయిన్ చాప వయసు అంతే అయినా, వాడనప్పుడు కవరు కింద ఉన్నందువల్ల ఆకారం ఇంకా నిలిచే ఉంది. కుట్లు మాత్రం గోటితో గీకితే తెగుతున్నాయి. ఉష్ణమండలపు ఎండలో గుడ్డ కంటే ముందు దారం పోతుంది.

పొరలు అతికించిన లామినేట్ చాపల గురించి అతనికి చాలా మోజు ఉండేది. ప్లాస్టిక్ పొర మీద కార్బన్ లేదా అరామిడ్ (కెవ్లార్ జాతి) దారాలు పరిచి చేసే ఆ చాపలు తేలిక, ఆకారం చెడవు, ఫొటోలో అందంగా కూడా ఉంటాయి. కానీ లంగ్కావి తేమలో పొరల మధ్య బూజు పడుతుంది, మడతల దగ్గర పొరలు విడిపోతాయి, ఎండ అరామిడ్‌ను తినేస్తుంది. వారానికోసారి పందెం వేసేవాడికి అవి సరే. 2022లో మొదలైన గోల్డెన్ గ్లోబ్ పోటీలో మన అభిలాష్ టోమీ 36 అడుగుల పడవలో ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టి రెండో స్థానంలో నిలిచారు. ఆ పోటీ నిబంధనలు 1968 నాటి సాంకేతికతకే పరిమితం కనుక, అక్కడ కార్బన్ చాపల ప్రసక్తే లేదు. దక్షిణ మహాసముద్రానికి చాలిన పాలిస్టర్ అండమాన్ సముద్రానికి చాలదా అని అడిగితే అతని దగ్గర జవాబు లేదు.

కాబట్టి కొత్తగా కుట్టించేది జెనోవా ఒక్కటే. దాని సైజు మీద మా ఇద్దరికీ కొంత వాదన జరిగింది. మాస్టు (చాపలను మోసే స్తంభం) నుంచి ముందరి తీగ దాకా ఉన్న దూరాన్ని నూరుగా తీసుకుని చాప వెడల్పును శాతాల్లో చెబుతారు. పిల్లగాలి అంటున్నావు గదా, 150 శాతం పెద్ద చాప వేసుకుంటాను అన్నాడు. నేను 135 చాలన్నాను. ముందరి చాపను తీగ చుట్టూ చుట్టి చిన్నది చేసుకునే ఏర్పాటు పడవలో ఉంది. అయితే మూడో వంతుకు మించి చుట్టిన చాపకు ఆకారం మిగలదు, మధ్యలో సంచిలా ఉబ్బుతుంది. 135 శాతం చాపను, ముందంచులో నురుగు పట్టీ కుట్టించి, కొంచెం దళసరి గుడ్డతో చేయిస్తే, ఇరవై నాట్ల గాలిలో నూరు శాతానికి చుట్టినా చదునుగా పనిచేస్తుంది. 150 చాపకు ఆ యోగ్యత లేదు. మరీ తేలిక గాలికి వేరే చాప పెట్టుకోవడమే సబబు. వెనక, కింది అంచులకు ఎండ తట్టుకునే ఆక్రిలిక్ కాన్వాస్ పట్టీ, ఎండకు చెడని టెఫ్లాన్ జాతి దారం తప్పనిసరి అని చెప్పాను. ఆ దారం ఖరీదైనదే, కానీ చాప మొత్తం ఖర్చులో దాని వాటా స్వల్పం. ఫుకెట్‌లో పేరున్న చాపల కార్ఖానాలు ఉన్నాయి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాకు రజతం తెచ్చిన రోలీ టాస్కర్ పేరు మీద నడిచేది వాటిలో ఒకటి. కొలతలు దగ్గరలోనే తీయించుకోవచ్చు కనుక, ఎక్కడో యూరప్ నుంచి తెప్పించే పని లేదు.

ఆ తేలిక గాలి చాప నైలాన్‌ది. అసిమెట్రిక్ స్పినేకర్ అంటారు. మెయిన్, జెనోవా రెండూ కలిపినదానికంటే దాని విస్తీర్ణం ఎక్కువ, బరువు మాత్రం ఒక సంచిలో పట్టేంతే. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. నిజమైన గాలి పక్క నుంచి వచ్చినా, పడవ తాను కదలడం వల్ల ఎదురుగాలిని కలుపుకుంటుంది, అందువల్ల చాపకు తగిలే గాలి ముందువైపుకు జరుగుతుంది. ఎనిమిది నాట్ల గాలిలో ఐదు నాట్లతో పోతుంటే, పక్క నుంచి వచ్చే గాలి పడవ ముక్కు నుంచి 58 డిగ్రీల్లో తగులుతుంది. కాబట్టి వెనకగాలికి కోసే లోతైన, బుట్టలాంటి స్పినేకర్ ఈ దారిలో దండగ. పక్కగాలికి పనికొచ్చే చదును కోత అడగాలి. తొడుగుతో సహా వాడినది దొరికితే అదే చాలు. చాపకు తగిలే గాలి పన్నెండు, పదిహేను నాట్లు దాటగానే దించేయాలి, ఇద్దరే ఉన్న పడవలో ఆ విషయంలో పంతం పనికిరాదు.

మెయిన్ చాపను మార్చనక్కరలేదు. పాత కుట్లన్నీ మళ్ళీ వేయించి, మూడో రీఫ్ వరుస కుట్టిస్తే సరిపోతుంది. గాలి పెరిగినప్పుడు చాపను కిందికి దించి కట్టుకునే ఆ వరుసలు ఇప్పుడు రెండే ఉన్నాయి. సుమత్రా మీదుగా తెల్లవారుజామున విరుచుకుపడే ఈదురుగాలులు ఏప్రిల్ నుంచి నవంబరు దాకా మలక్కా జలసంధిలో మామూలే, అవి నలభై నాట్లు కూడా చూపిస్తాయి. ప్రయాణం వేరే కాలంలో అయినా, పడవ ఏడాది పొడవునా అక్కడే ఉంటుంది గదా. చిన్న తుఫాను చాపను వచ్చే ఏడాదికి వాయిదా వేశాం.

మొత్తం మీద డబ్బులో పెద్ద భాగం మూడు రెక్కల ఫెదరింగ్ ప్రొపెల్లర్‌కు, తరువాతి భాగం కొత్త జెనోవాకు, మిగిలింది మెయిన్ చాప మరమ్మతుకు, వాడిన నైలాన్ చాపకు పోతుంది. పోర్ట్ బ్లెయిర్ సంగతి తెలిసినప్పటి నుంచి మా అత్తగారు ఆ పడవను తిట్టడం తగ్గించి, అక్కడి దాకా విమానంలో రావడానికి టికెట్టు ఎంతని అడుగుతున్నారు. పడవను నీటి నుంచి పైకి తీసినప్పుడు షాఫ్టు వ్యాసం, దాని కొన వాలు, తాళపు గాడి కొలత, షాఫ్టు మధ్య నుంచి అడుగుకు ఉన్న దూరం మిల్లీమీటర్లలో కొలిచి పంపమని బామ్మర్దికి రాశాను. కొత్త ప్రొపెల్లర్ బొడిపె పాతదానికంటే పొడవు కనుక, దాని వెనక చుక్కాని తగలకుండా ఎంత జాగా ఉందో కూడా చూడాలి. ఆ కొలతలు వస్తే వ్యాసం 16 అంగుళాలే ఉంచవచ్చా, 15కు తగ్గించి పిచ్ ఒక మెట్టు పెంచాలా అన్నది తేల్చి, ఆర్డరు పెడతాం.